మలుపు దగ్గర లేత రంగు

మంచు ఒకేసారి పోదు మా లివాదేలో.
ముందు ఇళ్ళ కప్పుల మీంచి జారుతుంది,
తర్వాత దారుల మీంచి,
చివరికి బీచ్ చెట్ల నీడలో
మురికి గొర్రెలా ఒక మూల ముడుచుకుని
మే నెల దాకా మొండికేస్తుంది.

అది కదలకముందే నేను కదులుతాను.
కుడి చేతిలో తెల్లరంగు డబ్బా,
ఎడమ చేతిలో ఎర్రరంగు డబ్బా,
చంకలో రొట్టె, జేబులో రెండు కుంచెలు.
తెలుపు, ఎరుపు, తెలుపు. మూడు పట్టీలు.
ఈ రాతికొకటి, ఆ మానుకొకటి.
సెలవులకు నడవడానికి వచ్చేవాళ్ళు
కొండను నమ్మరు, నా గీతల్ని నమ్ముతారు.
ఇరవై రెండేళ్ళుగా ఇదే నా వసంతం.

రొడోపి కొండల్లో ఏప్రిల్ వచ్చిన సంగతి
ముందు చెవులకు తెలుస్తుంది.
ప్రతి బండ కిందా నీళ్ళు
ఎవరితోనో గొంతు తగ్గించి తగువాడుతుంటాయి.
నిన్నటిదాకా కట్టెపుల్లలా ఉన్న హేజెల్ కొమ్మ
ఇవాళ నా టోపీ మీద పుప్పొడి దులుపుతుంది.
మంచు అంచున, తడి ఆరని గడ్డిలో
ఊదారంగు క్రోకస్ మొగ్గలు,
గుడ్డు పెంకు పొడుచుకొచ్చిన ముక్కుల్లా.
నల్లటి ఒంటి మీద పసుపు మచ్చల సాలమాండర్ ఒకటి
దారి మధ్యలో ఆగి
నా బూటును దాటాలా వద్దా అని
చాలాసేపు ఆలోచించింది.
దానికి గుర్తులు అక్కర్లేదు.

ఏటి తొలి కక్కూ కూత వినేవేళ
జేబులో డబ్బుంటే ఏడాదంతా ఉంటుందంటారు మావాళ్ళు.
నేను తడుముకుంటే కుంచెలే తగిలాయి.
ఉత్తరపు వైపు రాతి పగుళ్ళలో సిలివ్రియాక్ మొక్క.
ఎండితే కాగితంలా ఎండుతుంది, నెలల తరబడి.
నీరు దొరికితే
ఏమీ జరగనట్టు లేచి కూర్చుంటుంది.
కిందటేడు దాన్ని పుస్తకంలో దాచుకుపోయిన టీచరమ్మ
ప్లోవ్‌దివ్ నుంచి ఉత్తరం రాసింది:
"సాసర్లో పెడితే పచ్చబడింది, ఇప్పుడేం చేయను?"
తిరిగి తీసుకురండి, అని రాశాను.

ఈ చలికాలం
మలుపు దగ్గరి పెద్ద బీచ్ చెట్టును పడగొట్టింది.
దాని మీది పాత గుర్తు బోర్లా పడి
ఇప్పుడు చీమలకు దారి చూపుతోంది.
అక్కడ బాట రెండుగా చీలుతుంది.
ఎడమది శిఖరానికి.
కుడిది స్తమేన పచ్చికబయలు దాకా వెళ్ళి
చేసిన పని మరిచినట్టు ఆగిపోతుంది.

స్తమేనకు డెబ్భై తొమ్మిది.
ఊళ్ళో ఇంకా పొగ వదిలే పదకొండు గొట్టాల్లో ఒకటి ఆమెది.
మార్చిలో మణికట్టుకు చుట్టుకున్న ఎరుపు తెలుపు దారాన్ని
గుమ్మం పక్క ప్లమ్ చెట్టు పూయగానే విప్పి
దాని కొమ్మకే ముడేసింది.
నడిచేవాళ్ళు ఆమెనే అడుగుతారు,
కుడివైపు వేలు చూపి: "శిఖరానికి ఇటేనా?"
ఆమె తల పైకీ కిందికీ ఊపుతుంది.
మా దగ్గర దానర్థం కాదని.
వాళ్ళ దగ్గర ఔనని.
దండాలు పెట్టి కుడికి తిరుగుతారు.
సాయంత్రానికి మోకాళ్ళ దాకా బురదతో
మళ్ళీ ఆమె గుమ్మం ముందే తేలుతారు.
చిక్కుడుగింజల పులుసు అప్పటికే ఉడుకుతుంటుంది.
పక్కలు పరిచి ఉంటాయి.

"నలభై ఏళ్ళుగా చూస్తున్నావు స్తమేనా,
పరాయివాళ్ళ తల ఊపుడు నీకింకా తెలియలేదా?"
కుంచె తుడుచుకుంటూ అడిగాను.
ఆమె తల
నిలువుగా కాదు, అడ్డంగా కాదు,
రెంటికీ మధ్య ఎటో ఊపింది.
"పులుసు ఆరుగురికి వండాను మానోల్.
ఉన్నది మనిద్దరం.
అలవాటు, ఏం చెయ్యను."

తిని లేచి, మలుపులోని బూడిదరంగు బండను గీకాను.
తెలుపు వేశాను. ఎరుపు వేశాను.
డబ్బాలో రంగు చాలానే ఉంది.
అయినా రెండో తెలుపు దగ్గర
కుంచె ముంచడం మరిచిపోయాను,
మరిచిపోయినట్టు.
పొద్దు వాలితే ఆ గుర్తు ఎవరికీ సరిగ్గా ఆనదు.

వచ్చే శనివారం తొలి బృందం.
ఏడుగురట.
కిందికి దిగుతూ ఆమె కిటికీ తట్టి చెప్పాను:
ఇంకో గుప్పెడు నానబెట్టు.