బురదలో రెండు

హలసూరు కొట్లో సైకిలు తిరగేసి
పెడల్ ఇరుసు విప్పాను.
పాత పేపరు మీద పిడచకట్టిన మన్ను రాలింది.
మన ఎర్రమన్ను కాదు, బూడిదరంగు.
ముప్పై ఏళ్ల కిందటిదట.

ఫ్రాన్సులో పదకొండేళ్లు జీతానికి తొక్కాడు ఎర్వాన్.
"ఎన్ని గెలిచావ్?" అడిగేశాడు మా తిమ్మరాయ, మొహమాటం లేకుండా.
వచ్చీరాని కన్నడంలో చెప్పాడు:
"రోడ్డు మీద ఒక్కటీ లేదు.
మా జట్టులో పెద్దోడికి గాలి అడ్డం కాసేవాణ్ణి,
నీళ్ల సీసాలు మోసేవాణ్ణి.
చలికాలం బురద పందేల్లో మాత్రం, రెండు."
వేళ్లు చూపించాడు. ఒకటి వంకర.

పైగొట్టం అడుగున రంగు లేదు,
భుజం ఒరుసుకుని ఒరుసుకుని ఇనుము తేలింది.
అక్కడ పూత వేస్తానన్నాను.
వద్దన్నాడు.

డబ్బులు లెక్కపెడుతుంటే వాన.
బయట నీళ్ల పైపుకని తవ్వి వదిలేసిన వీధి,
కూరుకుపోయిన ఆటోలు, ఒకటే హారన్లు.
అరవై దాటిన మనిషి, కాసేపు ఆగుతాడులే అనుకున్నాను.
ఎక్కాడు. గుంత అంచుదాకా తొక్కాడు.
వేగం తెగకుండానే దిగి పరుగు.
బండి ఎప్పుడు భుజానికెక్కిందో
నేను చూడనేలేదు.
తిమ్మరాయ ఈల వేశాడు.

చిల్లర ఇంకా నా చేతిలోనే ఉంది.