కొండల్లేని ఊరు

ముందే చెప్పేస్తున్నాను, నేను లెక్కల టీచర్ని.
మంగళవారం ఆఖరి పీరియడు,
శుక్రవారం అన్నాలయ్యాక పీరియడు,
డ్రాయింగుకి ఉన్నవి ఆ రెండే.
పదో తరగతి పరీక్షలని చెప్పి
రెండూ అడిగి పుచ్చుకున్నది నేనే.
జకరయ్య మాస్టారు "ఆయ్, తీసుకోండమ్మా" అన్నారు.
అని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక
చొక్కా జేబు మీది రంగు మరకని గోటితో గీకారు.

అంతకుముందు ఆయన క్లాసు
స్టాఫ్ రూము కిటికీలోంచి కనిపించేది.
ఆరో తరగతిలో కొత్తగా చేరినవాళ్లని
మీకిష్టమైంది వెయ్యండర్రా అనేవారు.
ఏటా అదే బొమ్మ:
రెండు ముక్కోణపు కొండలు, నడుమ సూర్యుడు,
కిందికి జారే నీలం గోదారి.
కోప్పడేవారు కాదు.
కాగితాలు పట్టించి పిల్లల్ని ఏటిగట్టు ఎక్కించేవారు.
"కొండేదర్రా? చూపించండి."
తూర్పుకి చూస్తే కొబ్బరి. పడమటికి చూస్తే కొబ్బరి.
వైనతేయ అవతలి లంకలో అరటి, ఆ వెనక మళ్లీ కొబ్బరి.
మల్లాడి సింహాద్రి తల గోక్కుని
"పుస్తకంలో ఉందండి" అన్నాడు.
"గోదారి ఏ రంగురా?"
"నీలవండి."
"ఓ గ్లాసు ముంచుకురా."
శ్రావణమాసం. ఎర్రనీరు.
వాడు గాజుగ్లాసుని ఎండకి పట్టి
"టీ లాగుందండి మాస్టారూ" అన్నాడు, మోసపోయినవాడిలా.
"మరి టీ రంగే వెయ్యి. నీలం దాచుకో,
మాఘమాసంలో, పొద్దున్నపూట కాస్త పనికొస్తుంది."

ఆ ఏడు పిల్లల పెట్టెల్లో
మట్టిరంగు ముక్క వేలిగోరంతకి అరిగిపోయి
నీలం మాత్రం కొన్ననాటి మొనతో ఉండేది.
సెంటర్లో పుస్తకాల కొట్టు సత్తిరాజు
"ఇదేం బడండీ, గోధుమరంగు విడిగా అడుగుతారు!" అని విసుక్కునేవాడు.

బొమ్మలేస్తే లెక్కలొస్తాయని నేను చెప్పను.
సింహాద్రికి పదిలో లెక్కలు ఇరవై ఎనిమిది.
మార్చిలో పోయి, జూన్లో గట్టెక్కాడు.
ఇప్పుడు రేవులో పంటు నడుపుతాడు.
నీట్లో ఎరుపు తగలగానే
"రెండ్రోజుల్లో పెరుగుద్దండి, లంకలో పశువుల్ని తోలేసుకోమనండి" అంటాడు.
అది బొమ్మల చలవేనని రాసుకుందామనుకున్నాను.
వాళ్ల తాత బలపం పట్టకుండానే ఆ మాట చెప్పేవాడట.
కాబట్టి, రుజువు కాలేదు.

ఒక్కటి మాత్రం ఉంది.
పంటు ఇంజను పెట్టె మీద వాడు ఊరి బొమ్మ వేసుకున్నాడు.
నది నడుమ నుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా:
సన్నటి ఆకుపచ్చ గీత, దాని కింద గట్టు,
గట్టు కింద బడి, చిటికెన వేలిగోరంత.
బడికో కిటికీ, కిటికీలో ఓ చుక్క.
"అది మీరేనండి" అన్నాడు, టిక్కెట్టు డబ్బులు తీసుకుంటూ.

మాస్టారు రిటైరయ్యారు. ఆ పోస్టు నింపలేదు.
డ్రాయింగు బీరువాలో ఇప్పుడు మధ్యాహ్న భోజనం కంచాలు.
మొన్న "మా ఊరు" బొమ్మలు కావాలని పై నుంచి కబురొస్తే
ఆరో తరగతి ముప్పై తొమ్మిది మంది చేతా వేయించాను.
అలవాటు కొద్దీ లెక్కపెట్టాను.
వాటర్ ట్యాంకుని మించిన ఎత్తు లేని ఊళ్లో
డెబ్బై ఎనిమిది కొండలు.
ముప్పై తొమ్మిది సూర్యుళ్లు.
నీలం ముక్కలన్నీ అరిగిపోయాయి.

మంగళవారం ఆఖరి పీరియడు
భిన్నాలు సగంలో ఆపేశాను.
నాకు సరళరేఖ కూడా స్కేలు లేందే రాదు.
అయినా పిల్లల్ని గట్టెక్కించాను.
పితాని దమయంతి జారుకుంటూ రేవులోకి దిగి
గ్లాసు ముంచుకొచ్చింది.
"ఏం రంగండి టీచర్?"
ఇరవై రెండేళ్ల సర్వీసులో జవాబు తెలియకుండా
ఒక ప్రశ్న ముందు నిలబడ్డం అదే మొదలు.
గంట కొట్టేశారు.

గ్లాసు నా బల్ల మీదే మర్చిపోయాను.
తెల్లారి చూస్తే అడుగున గోరు మందాన ఒండ్రు,
పైన తేట.
దమయంతి గడ్డం బల్లకి ఆనించి,
ఒక కన్ను మూసి, చాలాసేపు చూసి,
"ఇప్పుడు రెండు రంగులు వెయ్యాలా అండి?" అంది.