బిల్లు మీద పేరు

మా డాబా మీద ఎండకి ఇన్నాళ్లూ ఎవరూ వెల కట్టలేదు.
ఊరికే పడేది, ఊరికే పోయేది.
బూడిద గుమ్మడి వడియాలు, పక్కింటి వాళ్ల మిరపకాయలు,
ఉతికిన లంగాలు,
టైఫాయిడ్ నుంచి లేచి తలంటుకున్న మా పిల్లదాని జుట్టు,
అన్నీ ఆరబెట్టింది.
ఒక్కదానికీ రసీదు రాయలేదు.

మార్చిలో నాగూర్ మీరా వచ్చాడు,
చేతిలో టేపు, చెవి దగ్గర ఫోను.
సంగడిగుంట ఇళ్ల ఇరుకు మెట్లు పక్కకి తిరిగి ఎక్కి
డాబాని కొలిచాడు,
నేను జాకెట్టుకి కొలిచినట్టే,
చంకల దగ్గర, అంటే నీళ్ల ట్యాంకు దగ్గర, కాస్త వదులుంచి.
"మూడు కిలోవాట్లు పడతాయక్కా.
డెబ్బై ఎనిమిది వేలు గవర్నమెంటు వెనక్కిస్తది,
మిగతాది బ్యాంకోళ్లు."

డెబ్బై ఎనిమిది వేలు!
లైనింగ్ జాకెట్టుకి మూడొందలు,
రెండొందల అరవై జాకెట్లు.
రెండొందల అరవై వీపులు,
పండగ ముందు రోజు "బిగుతైందమ్మా" అని తిరిగొచ్చిన గొంతులు అదనం.

పాత బిల్లు అడిగాడు, ఇచ్చాను.
"పుల్లమ్మ ఎవరక్కా?"

పెసర్లంక పుల్లమ్మ.
పందొమ్మిదేళ్లుగా నెలనెలా మా గడప తొక్కే పేరు.
మాకు ఇల్లమ్మింది ఆమె కాదు,
మాకమ్మినాయనకి అమ్మిందట.
ఆమె పేరు మీదే మా ఫ్యాను తిరిగింది,
ఆమె పేరు మీదే నా మిషను మోటారు.
కట్టడం ఆలస్యమైతే లైన్‌మన్ వీధిలో నిలబడి
"పుల్లమ్మగారూ!" అని కేకేసేవాడు,
నేను సూది నోట్లో పెట్టుకునే "ఆఁ" అనేదాన్ని.
ఇప్పుడేమో ఆధార్లో సలోమి, బిల్లులో పుల్లమ్మ.
సూర్యుడు వస్తానంటున్నాడు గానీ
ఎవరింటికో తేల్చమంటున్నాడు.

దస్తావేజులు తిరగేసి, వాళ్లనీ వీళ్లనీ అడిగి,
నల్లపాడు రోడ్డులో పంక్చర్లేసే మనవణ్ణి పట్టుకున్నాను.
సంతకానికి ఎంతడుగుతాడో అని
జాకెట్లో ఐదొందలు మడిచి పెట్టుకెళ్లాను.
అతను చేతులు ట్యూబు నీళ్లలో కడుక్కుని
బిల్లందుకుని చాలాసేపు చూశాడు.
"ఇంకా మా నాయనమ్మకే వస్తందా!"
సంతకం పెట్టాడు, డబ్బులొద్దన్నాడు.
"ఈ కాయితం ఉంచుకోనా అండీ,
ఆమెది ఫొటో ఒక్కటి లేదు మా దగ్గర."

రోహిణి కార్తెలో పలకలు లేచాయి.
గుంటూరంతా ఎండని తిడుతుంటే
నేనొక్కదాన్నే పొద్దున్నే మెట్లెక్కి
కొత్త చుట్టాన్ని చూసినట్టు చూసేదాన్ని.
మిరపకాయలు పిట్టగోడ వారకి జరిగాయి,
పక్కింటామె మొహం కూడా.
కొత్త మీటరు మాత్రం పోయిందీ వచ్చిందీ రెండూ రాస్తది,
అత్తగారిలా.

జూలైలో కొత్త బిల్లు.
పుల్లమ్మ లేదు.
బత్తుల సాల్మన్ అని ఉంది.

సబ్సిడీ ఇంకా పడలేదు.
కరెంటాఫీసు కిటికీలో అబ్బాయి
నన్నూ బిల్లునీ మార్చి మార్చి చూసి
"సాల్మన్ గారు రాలేదా అమ్మా?" అన్నాడు.
ఇంకో అర్జీ, ఇంకో జిరాక్సు.

ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు.
మనది మనకొస్తుంది కదా అనుకున్నాను. రాలేదు.
మీరాకి ఫోన్ చేస్తే చెప్పాడు:
లైను పోతే మన పలకలూ ఆగిపోతాయక్కా,
స్తంభం మీద ఎవరన్నా పనిచేస్తంటే
మన కరెంటు వాళ్లని పట్టుకుంటది.

కిటికీలోంచి చూశాను.
సందు మలుపులో నిచ్చెన, పైన ఎవరో,
నెత్తికి తడిగుడ్డ.
పుల్లమ్మగారూ అని కేకేసినాయనేనో, వేరే ఎవరో.

మోటారు బెల్టు తప్పించి
పాత తోలు బెల్టు తగిలించాను.
నెత్తిన మూడు కిలోవాట్ల ఎండ.
సాయంత్రానికివ్వాల్సిన జాకెట్టు
కాలితోనే తొక్కాను.