ఇస్త్రీ చేసిన దరఖాస్తు

మా గేరిల ఎవరింట్ల పెండ్లో, ఎవరింట్ల సావో
నాకు బట్టల మూట జెప్తది.
ఎలచ్చన్లు దగ్గరకొచ్చినయని గూడ
తెల్ల అంగీల లెక్కనే జెప్తది.
ఓట్లప్పుడు కౌన్సిలర్ సారుకు దినానికి నాలుగు అంగీలు,
గెలిచినంక వారానికి రెండు.

ఆ పొద్దు వచ్చిన అంగి
వాళ్ళింటి మిషిన్ల ఉతికి, ఆరేసింది.
ఇస్త్రిపెట్టె జేబు కాడికి వోయి ఆగింది,
గతుకు మీద బస్సు ఆగినట్టు.
ఏలు పెట్టి తీస్తే
సున్నపు ఉండ లెక్క గట్టిగ ఒక కాయితం.

పారెయ్యబోయిన.
పొరలల్ల ఊదారంగు కనబడ్డది.

నీళ్ళు చిలకరిచ్చి, మీద పాత ధోతి గుడ్డ పరిచి,
బొగ్గుల సెగ జర తగ్గనిచ్చి,
కొత్త నారాయణపేట చీర అంచు సాపు చేసినట్టు
మడత ఎనక మడత విప్పిన.

మా దరఖాస్తే!

శ్రావణంల శరణప్ప మగ్గం గుంతల
మోకాళ్ళ లోతు మోరి నీళ్ళు నిండినప్పుడు
అందరం కూసోని రాపిచ్చినం.
రాసింది గోవిందరావ్ సారు.
"గౌరవనీయులైన" అని మొదలువెట్టి
మూడుసార్లు "సవినయముగా" అన్నడు.
"ఒక్కసారన్న మోరి అని రాయి సారూ" అన్నది మహబూబ్ బీ.
"మురుగు కాలువ" అని రాసిండు.

నలభై రెండు మందిమి.
సదువుకున్నోళ్ళు నీలం సిరాతోని సంతకాలు తిప్పిండ్రు,
ఒకరిది పామోలె, ఒకరిది పతంగి తోకోలె.
మేం ఏడుగురం నిశానీలోళ్ళం.
ఏలు ముంచి అద్ది, తుడుసుకోను ఏం దొరక్క
నెత్తికి రాసుకున్నం. జర సిగ్గయింది.

ఇప్పుడు సూస్తే
సంతకాలన్ని కరిగి నీలం మబ్బయినయి.
గౌరవనీయులు పోయిండ్రు. సవినయముగా పోయింది.
మా ఏడు ఏళ్ళ గీతలు మాత్రం
దుక్కి సాళ్ళ లెక్క
ఉన్నకాడ్నే ఉన్నయి.

వార్డు కమిటీల నేను గూడ మెంబర్నేనంట.
ఆడోళ్ళు ఇంతమంది ఉండాల్నని
మానెమ్మ అని రాసుకపోయిండ్రు.
మీటింగుకు పిలుపు మాత్రం
మీటింగైన తెల్లారి వస్తది,
చాయ్ బిస్కెట్లు లెక్కలకెక్కినంక.

ఈసారి పిలవకున్నా పోయిన.
మడతవెట్టిన అంగి సారు ముంగట వెట్టి
మీద కాయితం వెట్టిన.
"మీ జేబుల దొరికింది సారూ.
దొరికింది దాసుకునుడు మా ఇంటా వంటా లేదు."

సారు అటు తిప్పిండు, ఇటు తిప్పిండు.
"దీంట్ల ఏం లేదు గదమ్మా."

మహబూబ్ బీ లేసింది.
"ఇది నాది. ఈ అడ్డం గీత
బీడీ ఆకు కోస్తుంటే కత్తెర తెగింది."
శరణప్ప వంగి సూసిండు.
"ఇది నాదే. దారం కోసిన గాటు."
నడుమ నున్నగున్నది నాది,
పెట్టె కాలిన మచ్చకు గీతలుండయి.
మూలకున్నది ఎవరిదని అందరం సూస్తుంటే
ఎనక నుంచి ముసలి కాశమ్మ
"నాదేరా, తలకిందులు పడ్డది" అన్నది.
సారు గూడ నవ్విండు, పాపం.
నవ్వి, వాచీ సూసుకున్నడు.

మోరి ఇంక పడలే.
టేపు పట్టుకోని ఇంజనీరు వచ్చిండు,
ఒక కొస మహబూబ్ బీ పట్టింది,
అంగుళం గూడ తగ్గనియ్యలే.
శరణప్ప గుంత సుట్టు ఇటుకలు పేర్సుకున్నడు,
ఆకాశం దిక్కు సూసుకుంట నేస్తున్నడు.

సారు అంగీలు నా బండికి వచ్చుడు బందయినయి.
ఎవరికి జెప్పలే గని, గేరికి ఎట్ల తెలిసిందో!
గోవిందరావ్ సారు దినాం ఒక అంగి ఎక్కువ పంపుతుండు.
ఉన్నయే మూడు ఆయనకు.
నిన్న చేసిందే మళ్ళ నలిపి పంపుతడు.

నేనేమీ అనను.
బొగ్గులు ఊది, పెట్టె ఎత్తే ముందు
ఎవరి అంగైనా సరే,
జేబుల ఏలు వెట్టి సూస్త.