నాలుగో బెడ్డుకి కనపడాలి

పొగతోటలో మా డయాలసిస్ హాలుకి
ఎవరో దాత నాలుగడుగుల అద్దాల తొట్టి ఇచ్చాడు.
మొక్కలు నేనే నాటాను.
వెనక వరసలో వాలిస్నేరియా, జడలు విప్పుకున్నట్టు,
ముందు, రాయికి దారంతో కట్టిన జావా ఫెర్న్.
నియాన్ టెట్రాలు పాతిక తెచ్చి వదిలాను.
దగ్గరికెళ్తే నీలం నిప్పురవ్వలు.
నాలుగో బెడ్డు మీద నుంచి జిలానీ భాయి
కళ్ళు చిట్లించి అన్నాడు:
"నీళ్ళల్లో నలకలు పడ్డాయి చూడు మ్మే."

ముప్పై ఏళ్ళు ముత్తుకూరు గుంటల దగ్గర
రొయ్యకి కౌంటు చూసిన మనిషి.
గుప్పెట్లోకి తీసుకుని, కిలోకి ఎన్ని తూగేదీ చెప్పేవాడు.
"నువ్వు తెచ్చింది వంద కౌంటు సరుకు.
ముప్పై కౌంటుది తే.
పడుకున్నోడికి కనపడాల గదా."

ఆదివారం ట్రంకురోడ్డు సందులో పెంచలయ్య కొట్టుకెళ్ళాను.
పెద్దవి కావాలి, కొట్లాడకూడదు,
మొక్కల జోలికి పోకూడదు, అన్నాను.
"ఇల్లు అద్దెకిచ్చేవోళ్ళు ఇట్టనే అడగతారక్కా."

ఆస్కార్ అరచేతంత ఉంది.
కుక్కపిల్లలా నా వేలెంట తిరిగింది.
"పేరు పెడితే పలుకుద్ది. నీ పాతిక నియాన్లు మాత్రం
తెల్లారేసరికి దాని కడుపులో ఉంటయ్."
సిల్వర్ డాలర్లు, పాత రూపాయి బిళ్ళల మెరుపు.
"సాధువులే, కానీ మేకలు. ఆకన్నది మిగలనియ్యవు."
గోల్డ్‌ఫిష్ వేళ్ళు పెళ్ళగిస్తుందట.
బాలా షార్క్ ఇవాళ వేలెడు, రెండేళ్ళకి మూరెడు,
ఉలిక్కిపడితే మూతకి తల బాదుకుంటుంది.
ఏంజెల్స్ ముందు చాలాసేపు నిలబడ్డాను,
తెరచాపలెత్తి ఆగిపోయిన పడవల్లా ఉన్నాయి.
"జత కుదిరిందాకా బాగానే ఉంటయ్," అని ఊరుకున్నాడు.
పెళ్ళయిన దాన్నే, మళ్ళీ అడగలేదు.

అన్నిటికన్నా కింది అరలో,
మబ్బురంగు ఒంటి మీద సున్నం చిలకరించినట్టు చుక్కలు.
ముత్యాల గౌరామి.
గడ్డం కింది రెండు దారాలు చాపి
పక్కదాన్ని తాకి, ఎవరో తెలుసుకుని, తప్పుకుంటోంది,
కరెంటు పోయినప్పుడు మనం గోడ తడుముకున్నట్టు.
అంత ఒళ్ళుండీ అంత మర్యాద!
ఆత్మకూరు బస్సులో పక్క సీటుకి
ఇట్టాంటివాళ్ళు ఒక్కరూ రారేం?

ఐదు తీసుకున్నాను, మగది ఒకటే.
ఇంకో ఆరు రెయిన్‌బోలు. కొట్లో అన్నీ బూడిదరంగే.
"ఇదేం రెయిన్‌బో?"
"రెండు నెలలు ఆగక్కా. ముందు తిండి, తర్వాత రంగు."
డబ్బులు లెక్కపెడుతూ ఆగిపోయాను.
మా హాల్లో రెండు నెలలంటే
ఎవరూ తేలిగ్గా అనే మాట కాదు.

మంగళ, గురు, శని. నాలుగేసి గంటలు.
రోజుకి లీటరు దాటకూడని మనుషులు
రోహిణి కార్తెలో ఐసుముక్క బుగ్గన పెట్టుకుని
రెండొందల లీటర్ల వైపు చూస్తుంటారు.
పాపం చేశానేమోనని తొట్టి మీద గుడ్డ కప్పబోతే
శేషారత్నమ్మ కసిరింది:
"చూసేదానికి గూడా కొలత పెడతావా?"

శనివారం, ఆవిరైనంత మేర నీళ్ళు పోస్తున్నాను.
"ఎంత పోశావు?"
"అర లీటరు."
"నా పూట కోటా," అన్నాడు జిలానీ భాయి.
"ఇవి తాగవు భాయ్. మంచినీళ్ళ చేప గుక్క వెయ్యదు.
నీళ్ళే ఒంట్లోకి ఊరతాయి.
ఊరినదాన్ని పొద్దస్తమానం బయటికి తోడుకుంటానే ఉండాలి."

కాసేపు మిషను చక్రం తిరిగిన చప్పుడే.
గౌరామి పైకొచ్చి, గుక్కెడు గాలి తీసుకుని దిగింది.
"అయితే ఏరి ఏరి," అన్నాడు,
"కిడ్నీలు బాగున్నోళ్ళని తెచ్చి
మా ఎదురుగ్గా పెట్టావన్న మాట."

నవ్వుకి చెయ్యి కదిలి అలారం మోగింది.
సూది సర్దుతుంటే, తల తిప్పకుండా,
"ఒకదానికి తోక కాడ ఎరుపు దిగతా ఉండాది,
చూశావా మ్మే?"

నేనింకా చూడలేదు.