బెత్తెడు ఎత్తు

మంచు తోసే యంత్రం కనుమ మీంచి దిగొచ్చిందని
పెట్రోలు బంకులో విన్నాం.
అబానో దారి తెరిచేశారు.
మా నీవా ఇంకా ఆల్వానిలోనే,
ఇమెడా షెడ్డు ముందు
నాలుగు మొద్దుల మీద, చక్రాల్లేకుండా కూర్చునుంది.

నా కంటే రెండేళ్లు పెద్దది ఆ బండి.
సర్కారు పోయింది. జెండా మారింది.
డబ్బుకి మూడు పేర్లయ్యాయి.
దాని కింద స్ప్రింగులు మాత్రం
పుట్టినప్పటివే.

నిరుడు పరస్మా మలుపులో ఒక రాయి
గేర్‌బాక్సు పొట్ట మీద గీసిన గీత
ఇప్పటికీ వేలికి తగుల్తుంది.
"రాయి పెరగలేదురా, నీ బండి కుంగింది"
అంది పక్క సీట్లోంచి లమ్జీరా.
ఆమె నర్సు. ముప్పై ఒక్క వేసవులుగా
కొండమీది ఊళ్లకి సూదులూ కట్లూ కసుర్లూ మోస్తోంది.
ఎవరి నడుము ఏ ఏడు కుంగిందో
కాగితం చూడకుండా చెప్తుంది.

బోల్టులు రాలేదు.
రాత్రంతా డీజిలు తాగించాం.
పొద్దున్నే స్పానరుకి పైపు తొడిగి
ఇమెడా దాని మీద వేలాడాడు.
ఒకటి కిర్రుమని కదిలింది.
రెండోది కదల్లేదు.
మూడోది తల తెగి నా అరచేతిలో పడింది,
వేడివేడిగా.

ముందు స్ప్రింగు దగ్గర ఇమెడా మాట్లాడడు.
"పక్కన నిలబడు. ఎదురుగా కాదు."
అంతే.
అతని ఎడమ చూపుడువేలు సగమే ఉంటుంది.
ఎందుకని ఇన్నేళ్లూ అడగలేదు,
ఆ రోజు అడగక్కర్లేకపోయింది.
గొలుసు బిగించి, జాకీని వెంట్రుకవాసి వెంట్రుకవాసి దించుతుంటే
ముప్పై ఏడేళ్ల బరువు కింద నలిగిన ఇనుము
మెల్లగా ఒళ్లు విరుచుకుంది.
అప్పుడు గానీ నేను ఊపిరి వదల్లేదు.

కొత్తదాన్ని దాని పక్కన నిలబెట్టి చూశాం.
బెత్తెడు తేడా.
ఈ బెత్తెడు కోసం మూడు గొర్రెల్ని అమ్మాను.

ఎత్తుని ఒక్కదాన్నే పిలిచాను నేను.
అది చుట్టాలందర్నీ వెంటేసుకొచ్చింది.
బ్రేకు గొట్టం పొట్టిదైపోయింది.
వెనక ఇరుసు ఎడమకి జరిగింది,
అడ్డకడ్డీని కోసి, అతికి, మళ్లీ కొలిచి, మళ్లీ కోశాం.
షాఫ్టు వాలు మారింది,
వేగం అరవై దాటిందా, సీటు కింద సన్నటి వణుకు.
"అది పోదు" అన్నాడు ఇమెడా, చేతులు తుడుచుకుంటూ.
"నువ్వే అలవాటు పడు."

సాయంత్రం మొద్దులు తీసేశాం.
రోజూ బండి కింద పడుకునే కోడిపుంజు
మెడ వంచకుండా ఇటు నుంచి అటు నడిచింది.
ఆగి, మళ్లీ వెనక్కి నడిచింది,
నమ్మకం కుదరక.

లమ్జీరా మందుల సంచీతో వచ్చింది.
తలుపు తీసింది. కాలెత్తింది.
అందలేదు.
స్తంభం పట్టుకుని మళ్లీ ఎత్తింది,
మోకాలు మధ్యలోనే ఆగిపోయింది.
ఎవరం ఏమీ అనలేదు.
నేను లోపలికెళ్లి పీట వెతుకుతున్నట్టు
చాలాసేపు వెతికాను.
"రాళ్లన్నిటి ఎత్తూ కొలిచావు కదూ"
అంది బయట నుంచి. తిట్టినా బాగుండేది.

ఇమెడా ఆమె పాదం నుంచి గుమ్మం దాకా
పురికొసతో కొలిచాడు.
పాత స్ప్రింగుని సగానికి కోసి
పైన ఇనప పలక అతికి, ఓ తాడు కట్టాడు.
ఆమె కాలు పెట్టగానే అది వేలెడు కుంగి
మళ్లీ లేచి ఆమెని పైకి అందించింది.
కూర్చున్నాక తాడు లాగి
దాన్ని ఒళ్లో పెట్టుకుంది,
మేకపిల్లని పెట్టుకున్నట్టు.

పరస్మా మలుపులో చప్పుడు కోసం చూశాను.
పళ్లు కూడా బిగబట్టాను.
ఏమీ లేదు. నీళ్ల హోరు తప్ప.
"ఆ రాయి ఏదీ?"
"దాటేశాం."
ఆమె వెనక్కి తిరిగి చాలాసేపు చూసింది.

అరవై దగ్గర వణుకు అలాగే ఉంది.
ఈ దారిలో అరవై ఎవడు చూశాడు!