సుద్దగీత

"గేర్‌బాక్సు పోయింది" అని తీర్పు చెప్పేశాకే
కారు దిగాడు దోన్ ఎవుదోరో.
చంకలో ఫ్లాస్కు, చేతిలో మాతే బుర్ర,
వెనకాల ఇరవైతొమ్మిది నాటి ఫోర్డు
వాన వెలిసిన కార్మెలో వీధిలో ఆవిర్లు కక్కుతూ.

మనిషి చెప్పేది వినడం ఒక పని.
కారు చెప్పేది వినడం ఇంకో పని.
"కదిలించు" అన్నాను. టక్.
"వెనక్కి." టక్.
తర్వాత ఎంత దూరం పోయినా మాటాడలేదు.
దిక్కు మారినప్పుడే నోరు విప్పే రకం.
గేర్‌బాక్సయితే అలా ఊరుకోదు,
దారి పొడుగునా గొణుగుతూనే ఉంటుంది.

ఎడమ వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని
ఇరుసు కొస మీంచి హబ్బు మీదికి
సుద్దముక్కతో ఒకే గీత గీశాను.
"ఇప్పుడు ముందుకి. ఇప్పుడు వెనక్కి."
గీత విరిగింది.
సగం ఇరుసు మీద, సగం హబ్బు మీద,
నడుమ వడ్లగింజంత ఎడం.

కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాడు.
"నీ గీతే వంకర, పిల్లా" అన్నాడు.
నాకు నలభై ఆరేళ్ళు.

పుల్లర్ తగిలించాను.
బిగిస్తూ, ఆగుతూ, మళ్ళీ బిగిస్తూ.
హబ్బు ససేమిరా అంది.
సుత్తితో ఒక్కటిచ్చేసరికి
తుపాకీ పేలినట్టు ఊడొచ్చింది,
ఎదురింటి పావురాలన్నీ లేచిపోయాయి.

లోపల
నలుచదరంగా ఉండాల్సిన ఇనప చీల
వాడిన సబ్బుబిళ్ళలా భుజాలరిగి ఉంది.
ఇరుసు కొన చుట్టూ, ఒంటికి అంటుకున్నట్టు,
పల్చటి రేకు ముక్క.
కందెన తుడిచాను.
పసుపు రంగు. ఎర్రటి అక్షరాలు రెండు.
మెంబ్రీషో మిఠాయి డబ్బాది.

"ఇదెవరు పెట్టారు?"
"ఎవరూ పెట్టలేదు.
ముప్ఫై అయిదేళ్ళుగా ఈ బండి విప్పిందే లేదు,
నన్నెక్కడా నిలబెట్టిందీ లేదు" అంటూ వంగినవాడు
ఆ రెండక్షరాల దగ్గర ఆగిపోయాడు.
మాతే చల్లారిపోయింది.
ఫ్లాస్కు మూత పెట్టకుండానే ఇంటికి నడిచాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు.
"సుల్మీరానడిగాను.
బడికి వెళ్ళే మట్టిరోడ్డు మీద, ఓ మంగళవారం, అట.
'నా మంచి కత్తెరకి పదును పోయిందేమని
నెల రోజులు సణిగావు కదా,
అప్పుడే అడగాల్సింది' అంది."

కొలకర్రతో ఆ రేకు మందం చూశాను.
తక్కువా కాదు, ఎక్కువా కాదు.
పంతులమ్మకి ఈ లెక్క ఎవరు చెప్పారో!

ఇక నా వంతు.
గరుకు పేస్టు రాసి, హబ్బుని ఇరుసు మీద
అటూ ఇటూ, అటూ ఇటూ,
మణికట్లు మొద్దుబారేదాకా తిప్పాను.
కిరసనాయిల్‌తో కడిగి నీలం రంగు పూసి చూస్తే
ఒక్క చోటే అంటింది. మళ్ళీ మొదలు.
మూడో సాయంత్రానికి
చుట్టూతా సమంగా, సన్నగా అంటింది నీలం.
కొత్త చీల ఆకురాయితో అరగదీసుకున్నాను,
దూరేటప్పుడు కాస్త మొండికేసేట్టు.
నట్టు మీద పానా, పానాకి నిలువెత్తు గొట్టం,
గొట్టానికి వేలాడుతూ నేను.

గొట్టపు తొడుగు అడుగున, బేరింగు ఆనే చోట
గోటికి తగిలే గుంట ఇంకోటుంది.
ఆ మాటా చెప్పాను. "ఎంతవుతుంది?" అన్నాడు.
చెప్పాను. "వచ్చే ఏడు" అన్నాడు.
పోనీ, వచ్చే ఏడే.

"యాభై కిలోమీటర్లు తిరిగాక తీసుకురా,
నట్టు ఇంకోసారి బిగించాలి."

శుక్రవారం కారొచ్చింది.
గుమ్మం ముందు ఆగింది, చడీ చప్పుడూ లేదు.
స్టీరింగు వెనక సుల్మీరా.
పక్క సీట్లో ఫ్లాస్కు పట్టుకుని ఆయన.
ఆవిడ దిగి, నన్ను పలకరించకుండా,
మోకాలి నొప్పిని పళ్ళ మధ్య నొక్కిపెట్టి
ఎడమ చక్రం దగ్గర వంగింది.
చెయ్యి మాత్రం నా వైపు చాచింది:

"సుద్ద."